అత్తమ్మ పల్లికి పట్టిన కుంకుమ

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ అనే మాటే ఇది, నేనూ కాదనను. మనుషుల మీద వచ్చే కోపం నాలుగు మాటలు అరిస్తే తగ్గిపోతుంది. ఒక ఆకు మీద, ఆ ఆకు వెనక ఉన్న పొడి మీద ఏళ్ళ తరబడి కోపం పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో మరిపెడ దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాకే తెలిసింది.

పుట్టి పెరిగింది వరంగల్ టౌన్లో. హనుమకొండలో బాటనీ చదివాను. గోధుమకు పట్టే తుప్పు తెగులు జీవితచక్రం రాకుండా మాకు ఒక్క పరీక్షా జరగలేదు. ఆ శిలీంధ్రం కొన్నాళ్ళు గోధుమ మీద ఉంటుంది, కొన్నాళ్ళు బార్బెరీ అనే ముళ్ళపొద మీదికి కాపురం మారుస్తుంది, ఒక్కో దశలో ఒక్కో రకం బీజాలు పెడుతుంది. మా క్లాసులో ఎవరమూ గోధుమ చేను చూసినవాళ్ళం కాదు, ఆ ముళ్ళపొద ఎలా ఉంటుందో చెప్పే మేడమ్ కూడా చూడలేదు. అయినా రంగు పెన్సిళ్ళు అరగదీసి, బాణం గుర్తులు పెట్టి, గుండ్రంగా బొమ్మ వేసి మార్కులు కొట్టేశాం. పరీక్ష అయిపోయిన రోజే దాన్ని మరిచిపోయాను.

పెళ్ళయిన ఏడాది యాసంగిలో, చలికాలం పంటప్పుడు, మొదటిసారి పల్లిచేలోకి దిగాను. ముగ్గు మీద నడిచినంత జాగ్రత్తగా సాళ్ళ మధ్య నడిచి గట్టెక్కి చూసుకుంటే, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రగా ఉన్నాయి. తడి గుడ్డతో తుడిస్తే పోలేదు, ఇంకా పాకింది. అత్తమ్మ దూరం నుంచే చూసి, "కుంకుమ తాకింది పిల్లా. ఈ యేడు గూడ వచ్చింది మాయదారిది" అంది. ఇక్కడ దాన్ని కుంకుమ తెగులు అంటారు, పుస్తకాల్లో తుప్పు. ఆకు తిప్పి చూశాను. అడుగున ఆవగింజంత పొక్కులు, పగిలినచోట ఇటుక రంగు పొడి. నా పాత బొమ్మ నన్ను వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చిందనిపించి నవ్వాను కూడా. ఆ నవ్వు ఆ ఒక్క ఏడాదే.

నవ్వు ఆగిపోయాక పుస్తకాలు మళ్ళీ తీశాను. పల్లి తుప్పుకు గోధుమ తుప్పులాగా ఊళ్ళు తిరిగే యోగం లేదు. దానికి రెండో మొక్క ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మన దిక్కు అది ఒక్క రకం బీజంతోనే కాలం గడుపుతుంది: ఆకు మీద పడటం, మంచుకు మొలిచి లోపలికి దిగడం, పొక్కై పగలడం, గాలికి ఎగిరి ఇంకో పల్లి ఆకు మీద పడటం. అంతే. నేను వేసిన పెద్ద గుండ్రం కాదు ఇది, గానుగెద్దు తిరిగేంత చిన్నది. దానికి పచ్చి ఆకు కావాలి. చచ్చిన ఆకు మీద బతకలేదు, మన ఎండలకు మట్టిలో పడుకుని ఎదురుచూడలేదు. అంటే ఏడాది పొడుగునా, ప్రతి రోజూ, ఎక్కడో ఒకచోట పల్లి మొక్క పచ్చగా ఉంటేనే అది యాసంగికి మా చేలోకి వస్తుంది. ఇంకో సంగతి కూడా నన్ను పట్టి పీడించింది. పల్లికే వచ్చే ఇంకో తెగులు, టిక్క మచ్చ, పట్టిన ఆకు రాలిపోతుంది. కుంకుమ పట్టిన ఆకు రాలదు. ముడుచుకుని, ఎండిపోయి, చెట్టుకే వేలాడుతుంది. పొద్దున్నే చేలోకి వెళ్ళి ఆ వేలాడే ఆకులను చూసినప్పుడల్లా నాకు ఊపిరాడేది కాదు.

ఎందుకంటే నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను. హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు బాటనీ చెప్పడానికి రమ్మన్నారు. మా ఆయన కాదనలేదు. ఆయన అన్నది ఒక్కటే: "మనది ఎర్ర చెల్క భూమి, పల్లి కోసమే కౌలుకు పడ్తరు. ఈ కుంకుమ చేను ఎవ్వడు పడ్తడు చెప్పు? ఒక్క యాసంగి చేను నిమ్మళంగ కనబడనీ. ఎవనికన్న అప్పజెప్పి అవ్వను గూడ తీస్కొని పోదాం." న్యాయమైన మాటే. అందుకే మరీ మండేది. అన్యాయం మాట్లాడితే పోట్లాడి బస్సెక్కేదాన్ని. ప్రతి యాసంగీ పూత దాకా చేను కళకళలాడేది, నేను మనసులో సామాన్లు సర్దుకునేదాన్ని, సంక్రాంతి మంచు పడగానే ఆకు వెనక చుక్కలు మొదలయ్యేవి. మళ్ళీ సామాన్లు విప్పుకునేదాన్ని. చుట్టుపక్కల చేలవాళ్ళు గట్టు మీద నిలబడి, "మీ దిక్కు నుంచే వస్తాంది" అని సణిగేవాళ్ళు. వాళ్ళ మీద కూడా కోపమే వచ్చేది, వాళ్ళు చెప్పింది నిజమని తెలిసి కూడా.

నిజం ఏమిటంటే, మా చుట్టుపక్కల వానాకాలంలో అందరిదీ పత్తి, మిర్చి. పల్లి యాసంగి పంటే. వానాకాలంలో పల్లి పచ్చగా ఉండేది ఒక్క మా చేలోనే. అది అత్తమ్మ పల్లి.

పెద్ద చేనుకు విత్తనం మేం ఏటా కొనేదే. అత్తమ్మ పల్లి వేరు. తీగలాగా నేల మీద పాకుతుంది, కాయలో మూడేసి గింజలు, గింజ మీద తోలు ముదురు ఎరుపు. అంగట్లో ఎవరూ అడగని పాత రకం. దానికి వానాకాలంలో నాలుగు సాళ్ళు, యాసంగిలో నాలుగు సాళ్ళు కేటాయించేది. యాసంగి కాయ ఎండాకాలం దాటేసరికి సగం చచ్చిపోతుందని, వానాకాలంలో వేసి కొత్త విత్తనం చేసుకుంటేనే మళ్ళీ యాసంగికి బాగా మొలుస్తుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఆ నాలుగు సాళ్ళే తుప్పుకు వానాకాలం ఇల్లు. యాసంగి నుంచి వానాకాలానికి, వానాకాలం నుంచి యాసంగికి, మధ్యలో పెరట్లో వాటంతటవే మొలిచిన రెండు మొక్కలు. పచ్చదనం ఎక్కడా తెగలేదు.

ఆ విత్తనం ఆమెకు ఒడిలో వచ్చింది. మా దిక్కు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. పిల్ల కొంగు చాపి కూర్చోవాలి. వద్దనే మాట ఉండదు, వద్దంటే పుట్టిల్లు వద్దన్నట్టే. డోర్నకల్ దగ్గరి ఊళ్ళో అత్తమ్మకు ఒడి పోసిన రోజున వాళ్ళమ్మ బియ్యంతో పాటు దోసెడు పల్లికాయలు పోసిందట. తర్వాత వాళ్ళమ్మ పోయింది, అన్నదమ్ములు భూమి అమ్ముకుని తలో దిక్కు పోయారు, ఇల్లు కూడా పడిపోయింది. ఆమె పుట్టిల్లంటూ మిగిలింది ఆ నాలుగు సాళ్ళే. ఇది నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. తెలిసి కూడా అడిగాను.

"అత్తమ్మా, ఈ ఒక్క వానాకాలం మీ పల్లి ఎయ్యకుండ్రి. కాయలు కుండల దాసుదాం. యాసంగికి ఏసుకుందురు."

"కుండల సస్తది."

"అన్ని సావయి. వేపాకు ఏసి మూత పెడ్దాం."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. కొడుకు వచ్చి, "ఒక్క పంట కాలమే గదనే అవ్వా, జర మా మాట ఇను" అన్నాడు. "ఇగ నా మాట ఎవ్వలింటరు, మీ ఇష్టం" అంటూ కుండ తెచ్చి ముందు పెట్టింది. వేపాకు పరిచి కాయలు పోసింది కూడా ఆమే. మూతకు బట్ట కట్టి, ముడి మీద ముడి వేసి, వంటింటి మూలన పెట్టింది. ఇంత సులభంగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. నాకంత తెలివే ఉంటే అక్కడే ఆగి ఆలోచించేదాన్ని. సంతోషంలో ఆలోచన రాలేదు.

ఆ వానాకాలం నేను మనిషిలా లేను. మట్టిలో మిగిలిన కాయలు తొలకరికి వాటంతటవే మొలుస్తాయి కదా, అవి కూడా ఉండకూడదు. మిర్చి సాళ్ళ మధ్య, గట్ల మీద, పత్తి నీడలో, ఎక్కడ పల్లి ఆకు కనిపిస్తే అక్కడ వంగి పీకాను. నడుము పట్టేసింది. పిచ్చి పట్టిందని కూలికి వచ్చినవాళ్ళు నవ్వారు. అత్తమ్మ మాత్రం నా మీద జాలి చూపింది. "నీకు చేన్ల పని ఉన్నది గద పిల్లా, బట్టలు నేను పిండుత తియ్యి" అని బట్టలుతికే పని తను తీసుకుంది. కొట్టం వెనక బండ దగ్గర పొద్దున్నే ఆమె బట్టలు బాదే చప్పుడు వింటూ, నా అత్త ఎంత మంచిదో అని పొంగిపోయి చేనుకు పోయేదాన్ని.

వానలు వెనక్కి తగ్గాక పెద్ద చేను విత్తాం. అత్తమ్మ కుండ విప్పింది. కాయలు చూడటానికి బాగానే ఉన్నాయి. ఒలిచి నాలుగు సాళ్ళు పెట్టింది. పెద్ద చేనంతా మొలకెత్తి ఆకులు విప్పుకున్నా ఆ నాలుగు సాళ్ళు బోసిగానే ఉన్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి పసుపు రంగు మొలకలు వచ్చి, అవీ చీమలపాలయ్యాయి. కుండలో చచ్చిపోయింది, ఆమె చెప్పినట్టే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, అన్నం మానేస్తుంది అనుకుని రెండు రోజులు ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె మాత్రం, "పోనీ తియ్యి. దాని రాత" అంది. పెద్ద మనసు అనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను, మీ అమ్మది ఎంత పెద్ద మనసో అని.

ఆ యాసంగి చేను చూడటానికి రెండు కళ్ళు చాలలేదు. పూత అయింది, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగాయి, సంక్రాంతి మంచు పడింది, ఆకు వెనక ఏమీ లేదు. రోజూ పొద్దున మంచు ఆరకముందే వెళ్ళి, ఆకులు తిప్పి తిప్పి చూసేదాన్ని. కౌలుకు పట్టాలనుకున్న ఒకతను ఓసారి వచ్చి చూసి, కోత ముంగట మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు. కాలేజీకి ఫోన్ చేసి జూన్‌లో చేరతానని చెప్పాను. హనుమకొండలో గది ఎక్కడ చూడాలో, కాలేజీకి నడిచిపోయేంత దూరంలో దొరుకుతుందో లేదో, రాత్రి అన్నాల దగ్గర మాట్లాడుకున్నాం. అత్తమ్మ మజ్జిగ పోస్తూ వింది.

తర్వాత ఒక పొద్దున, ఇంటి పక్కన మొదటి సాళ్ళలో, ఒక ఆకు తిప్పితే చుక్కలు.

చేనంతా తిరిగి ఆకులు తిప్పాను. చేను అవతలి చివర, ఇతరుల చేల వైపు, శుభ్రంగా ఉంది. మధ్యలో శుభ్రంగా ఉంది. ఇంటికి దగ్గరయ్యే కొద్దీ చుక్కలు. అంటే బయటి నుంచి రాలేదు. మళ్ళీ ఆకులు చూసుకుంటూ ఇంటి వైపే నడిచాను. చివరి సాలు దాటాను, కంచె దాటాను. కొట్టం గోడకూ గడ్డివాముకూ మధ్య, బీరపందిరి కింద, బట్టలుతికిన నీళ్ళు పారే చోట, పల్లి మొక్కలు. తీగలుగా పాకి ఉన్నాయి. కొన్ని ముదిరి కాడలు కట్టెల్లా అయ్యాయి, మట్టిలో మిగిలిన కాయలే మళ్ళీ మొలిచి వాటి పక్కన లేత మొక్కలూ ఉన్నాయి. ఆకు తిప్పాల్సిన అవసరమే లేదు. పైకే ఎర్రగా కనబడుతోంది, కింద మట్టి మీద కూడా పొడి రాలి ఉంది. అత్తమ్మ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది, సబ్బు నురగ తేలిన నీళ్ళు.

"ఏంది అత్తమ్మా ఇది?"

"కనబడ్తనే ఉన్నది గద."

"ఎప్పటి సంది?"

"వానలు పడ్డప్పటి సంది. కుండల పొయ్యంగ పిడికెడు దాసి ఈడ పెట్టిన. కుండల సస్తదని నేను చెప్పలేదా? సచ్చింది గద. నువ్వు గూడ సూసినవ్ గద."

ఆ క్షణంలో ఆమెను నేను ద్వేషించాను. దాచి రాయడానికి నాకేం అవసరం లేదు. చేనంతా వంగి వంగి నేను పీకుతుంటే, నా వెనక ఆమె నీళ్ళు పోసింది. నా జాలి, నా సిగ్గు, ఆమె పెద్ద మనసు, అన్నీ ఈ బీరపందిరి కింద కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నట్టుగా అనిపించింది. నోటికొచ్చింది అనేశాను. నా చదువు, నా ఉద్యోగం, నా బతుకు అన్నీ ఈ బండ కిందే పాతిపెట్టారన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని పీకడం మొదలుపెట్టాను. చేతులు, రవికె, ముక్కుపుటాలు అన్నీ ఎర్రపొడి. ఆమె కూడా బకెట్ పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. నేను పీకి పారేసిన ఒక్కో మొక్కనూ తీసుకుని, వేళ్ళకున్న మట్టి దులిపి, కాయలు కోసి పక్కన పెడుతోంది.

కాయలు కొన్నే. ఒకటి నొక్కి చూశాను. లోపల మూడు గింజలు, మూడూ ముడతలు పడి, తోలు మాత్రమే ఎర్రగా. పచ్చగా ఉంచితే బతుకుతుందని ఆమె అనుకుంది. ఆ పచ్చదనమంతా తుప్పు తాగేసి గింజకు ఏమీ మిగల్చలేదు. "సూడుండ్రి, ఏం మిగిలిందో సూడుండ్రి" అని ఆమె ముఖం ముందు పెట్టాను. ఆమె ఆ గింజలను నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ పొట్టులోనే పెట్టి మూసింది. అది చూశాక నాకు అరవడం చేతకాలేదు.

"హనుమకొండకు పోతరు గద మీరు. ఆడ మట్టి ఉంటదా పిల్లా?" అంది.

గదికి అద్దె ఎంతో అడిగాం, నీళ్ళు వస్తాయా అని అడిగాం. మట్టి గురించి ఎవరం అడగలేదు.

ఆమె కాయలన్నీ దోసిట్లోకి ఎత్తుకుంది. "కొంగు పట్టు" అంది.

"నాకెందుకు?"

"నాకు బిడ్డ లేదు, కొడుకొక్కడే. మీ మామ పోయినంక నేను ఎవ్వలకు ఒడి పొయ్యరాదు, నాకెరుకే. ఇప్పుడు ఎవ్వలు సూస్తలేరు గద. పట్టు బిడ్డా."

మామ పోయినప్పటి నుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ ముందుకు రాలేదు. ఒడిబియ్యం పోసేచోట తలుపు వెనకే నిలబడేది. ఆమె వేళ్ళ నిండా కుంకుమ రంగు. నేను వద్దందామనే నోరు తెరిచాను. పోయేదాన్ని, నాకు ఇవి వద్దు, మీ బరువు మీరే మొయ్యండి అని మనసులో మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. కానీ చిన్నప్పటి నుంచి చూసిన అలవాటు చేతుల్లో ఉంటుంది కాబోలు. అప్పటికే కొంగు చాపి ఉన్నాను. ఆమె పోసింది. ఏం బరువు లేదు, పిడికెడు పొట్టు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, ఎర్ర చేతులు గుర్తొచ్చి మళ్ళీ తీసేసుకుంది.

మా ఆయన చేనులోంచి వచ్చి, పీకిన మొక్కల కుప్ప చూసి నిలబడిపోయాడు. "ఏమాయె?" అన్నాడు. "అన్ని పీకేసిన" అన్నాను, రెండు చేతులా కొంగు పట్టుకుని. ఆయన కుప్పకు నిప్పు పెట్టాడు. ఆ సాయంత్రమే చేనుకు ఏటా కొట్టే మందే కొట్టాడు. అయినా మంచు, గాలి ఆగవు కదా, కోతకు ముందు చేనంతా అదే ఇటుక రంగు. కౌలుకు వస్తానన్నతను వచ్చాడు. ఒక ఆకు తిప్పి చూశాడు, వేలు పంచెకు తుడుచుకున్నాడు, బండి ఎక్కాడు. కాలేజీకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. వచ్చే ఏడాది చూద్దాం మేడమ్, అన్నారు మర్యాదగా.

ఇప్పుడు తొలకరి పడింది. ఎండాకాలమంతా మా చుట్టుపక్కల పల్లి ఆకు పచ్చగా ఎక్కడా లేదు. నేనే తిరిగి చూశాను. దూరం నుంచి గాలికి వచ్చే పొడికి దిగడానికి ఈ వానాకాలం కూడా ఇక్కడ ఒక్క పల్లి ఆకు మొలవకపోతే ఈసారి చేను నిజంగా శుభ్రంగా ఉంటుంది. కౌలు కుదురుతుంది. వచ్చే జూన్‌కు నేను హనుమకొండలో ఉంటాను. ఇదంతా నాకు నా పేరంత బాగా తెలుసు.

అత్తమ్మ కాయలు నా మంచం కింద చిన్న కుండలో ఉన్నాయి. ముడతలు పడిన గింజలు, యాసంగి దాకా ఆగవు. వేస్తే ఇప్పుడే వెయ్యాలి. ఆమె ఏమీ అడగడం లేదు, బట్టలుతికే పని కూడా మళ్ళీ నాకే ఇచ్చేసింది. పొద్దున్నే బట్టల మూట తీసుకుని కొట్టం వెనక్కి పోతున్నాను. ఉతికిన నీళ్ళు ఎటు పారుతున్నాయో, బీరపందిరి కింద మట్టి ఎంత లోతు తడిసిందో రోజూ వేలు పెట్టి చూస్తున్నాను.